గాలిలో మామగారి పేరు

జీవితంలో మొదటిసారి ప్యాంటు తొడుక్కున్న రోజున మాబియేల దాని మీద మడమల దాకా గుడ్డ చుట్టుకుంది. భుజాల మీద శాలువా కప్పుకుంది. మామగారి ఎదుట కోడలు అలాగే తిరగాలి. ముందు ఆయన నడుస్తున్నాడు. చేతికర్ర, పాత ఉన్ని టోపీ, వెనక్కి తిరగని మెడ. ఆయన నీడ తొక్కనంత దూరంలో ఆమె.

మాబియేల అంటే బియేలా వాళ్ల ఆడపడుచు అని. జులూ ఇళ్లలో కోడలికి సొంత పేరు ఉంటుంది గానీ దాన్ని పిలిచే నోళ్లు పుట్టింట్లోనే ఉండిపోతాయి.

లెబొంబో కొండల కింద, అడవి కంచెకి ఇవతల, గడ్డి కోసి చదును చేసిన మైదానం ఒకటుంది. అక్కడి రేకుల షెడ్డులో అడవిశాఖ వాళ్ల మైక్రోలైటు, ఇద్దరు పట్టే బుల్లి విమానం, ఉంటుంది. ఈ ఉదయం ఆమె అందులో ఎక్కి మొదటి పాఠం నేర్చుకోవాలి. అదే ఆఖరి పాఠం కూడా కావచ్చు.

ఆమె మొగుడు జ్వెలాఖే ఆ అడవిలో గార్డు. కిందటేడు ఖడ్గమృగాల కొమ్ముల కోసం వచ్చినవాళ్లు పొంగోలా నది వంపు దగ్గర అతన్ని కాల్చి చంపారు. ఖడ్గమృగం చస్తే పేపర్లో బొమ్మ పడుతుంది. గార్డు చస్తే పెద్దసార్లు వచ్చి శవపెట్టె మీద జెండా కప్పి, ఉపన్యాసం అయ్యాక ఆ జెండా మళ్లీ మడిచి పట్టుకుపోతారు. మిగిలిన పెళ్లానికి టూరిస్టు బంగళాల్లో దుప్పట్లు ఉతికే పని ఇస్తారు. దాన్ని దయ అనుకోవాలి. ఏడాది పాటు నల్లబట్టలు కట్టి, వాటిని తగలబెట్టిన మర్నాడే మాబియేల ఆఫీసుకి వెళ్లి, దుప్పట్లు వద్దు, పైనుంచి అడవి కాసే పని నేర్పించమంది. నవ్వారు. మళ్లీ వెళ్లింది. నవ్వి నవ్వి విసుగొచ్చాక, "విమానం నడిపే ఖంబులే ఒక ఉదయం ఎక్కించుకుని చూస్తాడు. పనికొస్తావంటే నేర్పిస్తాం. రావంటే నోరు మూసుకుని సబ్బు తీసుకో" అన్నారు.

జ్వెలాఖేని కాల్చినవాళ్లు వచ్చిన దారి నేల మీద ఎవరికీ కనపడలేదు. పైన ఎవరన్నా ఉండి ఉంటే కనపడేది. ఆమెకి కావలసింది ఆ పైన ఉండడం, అంతే.

ఇక పేరు సంగతి. ముసలాయన్ని లోకమంతా న్యావో అంటుంది. అది ఇంటిపేరు. సొంత పేరు దోన్సాని అని ఆయన ఈడువాళ్లలో బతికున్న కొద్దిమందికే తెలుసు. 'లాగండర్రా' అని దానర్థం. ఆయన పుట్టిన పూట తండ్రి ఎడ్లబండి వాగు బురదలో దిగబడి, మగాళ్లంతా "దోన్సాని, దోన్సాని" అని అరుస్తున్నారట. ఆ ఇళ్లలో కోడలు మామగారి పేరు పలకదు. పేరొక్కటే కాదు, ఆ పేరు ఏ మాటలో దాక్కుని ఉన్నా ఆ మాటనే నోట రానివ్వదు. కాబట్టి కాపురానికి వచ్చిన నాటి నుంచీ మాబియేలకి 'లాగు' అనే మాట లేదు. దోన్సా అనకూడదు. ఆ ఇంటి ఆడవాళ్లు దానికి బదులు హుదూలా అంటారు. ఈడ్వమని. మేకని ఈడుస్తారు, తలుపు ఈడుస్తారు. మాబియేల తన కూతురి పాలపన్ను కూడా దారం కట్టి ఈడ్చింది గానీ లాగలేదు. ఇంకెవరైనా ఆ మాట గట్టిగా అంటే మామగారి పేరు చెవిన పడ్డట్టే, ఆమె నడుం దానంతటదే వంగుతుంది. ఆలోచించి వంగడం కాదు. కంటి ముందు చెయ్యాడిస్తే రెప్ప పడినట్టు.

షెడ్డు ముందు ఖంబులే మైక్రోలైటు తీగల్ని ఒక్కొక్కటే వేలితో మీటి చూస్తున్నాడు. నడివయసు మనిషి, కుంటికాలు, చేదుమాత్ర చప్పరిస్తున్నట్టుండే ముఖం. డర్బన్ పక్క బస్తీలో పుట్టి, బడి మధ్యలో మానేసి, విమానాల షెడ్డులో నూనె మరకలు తుడుస్తూ తుడుస్తూ ఎగరడం నేర్చినవాడు. తల ఎత్తి ఇద్దర్నీ చూశాడు.

"ఎవరీయన?"

"మా మామగారండి."

"నువ్వొచ్చింది ఎగరడానికా, పెళ్లిచూపులకా? ఇందులో సీట్లు రెండే. పెద్దాయన్ని రెక్క మీద కూర్చోబెట్టనా?"

ముసలాయన టోపీ తీసి పలకరించాడు. "నేను ఎక్కను తమ్ముడూ. నేల మీద కూర్చోడానికే వచ్చా" అని షెడ్డు పక్కనున్న సిమెంటు దిమ్మె చూసుకుని కూర్చున్నాడు.

అదీ ఒక విమానమేనా అనిపించింది మాబియేలకి. పైన గద్ద రెక్కల్లా పరుచుకున్న గట్టి గుడ్డ. దాని కింద ఒక్క బోల్టుకి వేలాడే మూడుచక్రాల తొట్టి. అందులో ముందొకటి, వెనకొకటి సీటు. ఆ వెనక ఇంజిను, దాని పంఖా. తలుపు లేదు, అద్దం లేదు, చుట్టూ గాలి తప్ప ఏమీ లేదు.

"ఆ గుడ్డలన్నీ తీసేసి రా, కోడలా. ఆ పంఖాకి బట్టలంటే మహా ఆకలి. ముందు గుడ్డ తింటుంది, ఆ తర్వాత నిన్ను తింటుంది."

షెడ్డు వెనక్కి వెళ్లి విప్పి వచ్చింది. ముసలాయన అప్పటికే ముఖం కొండల వైపు తిప్పుకుని ఉన్నాడు.

ఖంబులే ఆమెని ముందు సీట్లో కూర్చోబెట్టి, నడుం బెల్టు బిగించి, పైనున్న రెక్క నుంచి ఆమె రొమ్ము ఎదుటికి దిగివచ్చిన అడ్డ కడ్డీని పట్టుకోమన్నాడు.

"గాలిలో నీకున్న చుట్టం ఇదొక్కటే. దీన్ని పొట్ట దగ్గరికి తెచ్చుకుంటే ముక్కు దిగుద్ది, వేగం వస్తుంది. దూరంగా తోస్తే ముక్కు లేస్తుంది, వేగం చస్తుంది. వేగం చస్తే నువ్వూ చస్తావ్. నువ్వు పోతే పోతావు, వెనక నేనుంటా చూడు, అదీ బాధ."

"సరేనండి."

"రెండే మాటలు. దోన్సా, సుందూజా. లాగు, తొయ్యి. నేనంటాను. నువ్వు అదే మాట తిరిగి నాకు అప్పజెప్పి, అప్పుడు చెయ్యాలి. నోరు అన్నదాన్ని చెయ్యి మర్చిపోదు. ఏదీ, అను."

మొదటి మాట విన్నప్పుడే ఆమె తల వాలింది. దాన్ని ఎత్తుకుని, "సుందూజా" అంది.

"ఇంకోది?"

దిమ్మె మీద ముసలాయన వీపు కనపడుతోంది. గాలి అటే వీస్తోంది.

"హుదూలా" అంది చిన్నగా.

"ఈడవడానికి ఇదేమన్నా చచ్చిన ఎద్దా? మీ సరిహద్దు జనాల భాషే భాష." ఖంబులే ఒక హెల్మెటు తీసి ఆమె తలకి పెట్టి, తన హెల్మెటు మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, ఇంజిను తిప్పాడు. షెడ్డు రేకులు అదిరాయి. ఏదో అన్నాడు. ఆమె చెవుల్లో ఊ... ఊ... ఆ అని మోగింది. ఇంకేదో అన్నాడు. మళ్లీ ఊ... ఊ... ఆ. ఇంజిను ఆపాడు.

"ఒకటి నీ హుదూలా, ఒకటి సుందూజా. ఏది ముందన్నానో చెప్పు."

చెప్పలేకపోయింది.

"ఒకటి బతుకు, ఒకటి చావు. రెండూ ఒకేలా మోగితే ఏది పట్టుకుంటావ్?"

"పోనీ ఇంగ్లీషులో అనండి. తొమ్మిది దాకా చదివాను. పుల్ అంటే తెలుసు."

ఖంబులే వంగి తన కుంటికాలి మీద చరుచుకున్నాడు. "ఇది ఇంగ్లీషే. నాకు నేర్పిన దొర వెనక నుంచి పుల్ అని అరిచాడు. నాకు పుష్ అని వినపడింది. రెండింటికీ తలకాయ ఒకటేగా. ఆయన నడుం పోయింది, నా కాలు పోయింది. భయం ఎక్కగానే ఇంగ్లీషు దిగిపోద్ది కోడలా. అమ్మ దగ్గర నేర్చిన మాటే ఆఖరి దాకా కూర్చుంటుంది. నా బండిలో అదే."

అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పేదే. కానీ ఇతను ఆఫీసులో అన్న మాట ఆమె దాకా వచ్చింది: ఆచారాలూ దెయ్యాలూ మోసుకొచ్చేవాళ్లని నా దగ్గరికి పంపకండి, నా బండి బరువు మొయ్యలేదు. ఈ మామగారి పేరు సంగతి ఎత్తిందా, నేల విడవకముందే సబ్బు చేతికొస్తుంది. చేతులు సరిగా ఆడితే నోటితో ఏం పని అనుకుంది. ఆ హోరులో ఎవరు విన్నారు గనక.

"అనవేం?"

"తెలిసిందండి."

"తెలిసిందనమన్లేదు నేను. కానీలే. పైకెళ్లాక అంటావు. పైన అందరికీ నోరు తెరుచుకుంటుంది."

తన హెల్మెటు తను పెట్టుకుని, ఆమెది గట్టిగా బిగించి, వెనక సీట్లో ఎక్కాడు. ఆమె వీపు అతని మోకాళ్ల మధ్య ఇరుక్కుంది. కాపురానికి వచ్చాక మొగుడు కాని మగాడి ఒళ్లు తగలడం అదే మొదలు. సిగ్గుపడే తీరిక దొరకలేదు. మైదానం కుదుపుతూ పరిగెత్తింది, కుదుపు ఆగింది. ఆగడమే తెలిసింది ఆమెకి, లేవడం తెలియలేదు.

తెలిసేసరికి షెడ్డు అగ్గిపెట్టె అయింది. కాళ్ల కింద ఏమీ లేదు. రెండు బూట్లు, వాటి మధ్య ముళ్లచెట్ల తలలు. మంచు ఇంకా పల్లాల్లో పడుకుని ఉంది. గాలి మెడలోంచి దూరి వీపంతా తడిమింది. చిన్నప్పుడు ఇంటి కప్పు మీద కొత్త గడ్డి పరుస్తుంటే ఎక్కి కూర్చున్నప్పటి వాసన ఎందుకో ఇక్కడికి వచ్చింది.

"వాంతి వస్తే పక్కకి కానియ్. వెనక్కి వస్తే నా మీద పడుద్ది" అన్నాడు ఖంబులే చెవిలో.

"రావట్లేదండి."

"అదుగో నది."

పొంగోలా ఎండిన తోలుపట్టాలా మెలికలు తిరిగి ఉంది. వంపు దగ్గర రెల్లు. ఆ రెల్లు మధ్య నుంచి అవతలి గట్టుకి ఒక సన్నని దారి, పాపిట తీసినట్టు. నేల మీద నిలబడితే మనిషెత్తు రెల్లు, ఏమీ కనపడదు. చచ్చిపడిన మొగుణ్ణి చూడ్డానికి వెళ్లినప్పుడు ఆమె అక్కడే నిలబడింది. అప్పుడు ఆమెకి ఒట్టి గడ్డి కనపడింది. ఇప్పుడు దారి కనపడుతోంది. పైనుంచి చూస్తే ఎంత తేలిక. ఒక్క చూపు పని.

"ఇక పట్టుకో. నేను చేతులు తీస్తున్నా" అన్నాడు.

కడ్డీ ఆమె చేతుల్లో ప్రాణం ఉన్నదానిలా కదిలింది. కట్టేసిన దూడ తాడు పట్టుకున్నట్టుంది. కుడివైపు కొద్దిగా బరువు వేస్తే లోకం మొత్తం కుడివైపు ఒరిగింది. ఎడమకి తెస్తే సర్దుకుంది. ఖంబులే ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడం మెచ్చుకోవడమే అని ఆమెకి అర్థమైంది.

"కొంచెం సుందూజా."

"సుందూజా" అని తోసింది. ముక్కు లేచింది. బండి ఆకాశం ఎక్కుతోంది.

"ఇప్పుడు ఇంజిను తగ్గిస్తా. ఎక్కేటప్పుడు ఇంజిను పోతే ఏం చెయ్యాలో చేతికి తెలియాలి. నేను అనగానే..."

హోరు ఒక్కసారిగా పడిపోయింది. ఆ నిశ్శబ్దంలో, చెవికి అంటుకుని, మగగొంతు గట్టిగా అంది.

"దోన్సా!"

మాబియేల నడుం వంగింది.

కడ్డీ గట్టిగా పట్టుకున్న చేతులతోనే, ఇంటి వాకిట్లో మామగారి పేరు ఎవరో కేకేసినట్టే, తల దించి ముందుకి వంగింది. ఆమెతో పాటు కడ్డీ కూడా ముందుకి పోయింది. లాగాల్సిన చోట ఒళ్లంతా వేసి తోసింది. ముక్కు ఇంకా లేచింది. తీగల్లో గాలి పాట సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది. రెక్క గుడ్డ జ్వరం వచ్చినవాడి పెదవిలా వణికింది. ఆ తర్వాత నేల కిందనుంచి లేచి ఎదురుగా వచ్చి నిలబడింది.

వెనక నుంచి ఖంబులే చేతులు ఆమె బరువుతో సహా కడ్డీని లాక్కున్నాయి. ఆమె ఒంటిని వెనక్కి విరిచాయి. గాలి మళ్లీ కూసింది. నేల తన చోటికి తను పోయింది. బండి అతనే దించాడు.

చక్రాలు ఆగాక బెల్టు ఊడదీసుకుని, కుంటుకుంటూ ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"గాలిలో దండం ఎవరికి పెట్టావ్?"

ఆమె బెల్టు విప్పుకుని కిందికి దిగింది.

"ఇందాక చేతులు చూసి అనుకున్నా, ఈ పిల్లకి గాలి తెలుసు అని. దోన్సా అంటే తోస్తావా? దోన్సా అంటే తెలీదా? దోన్సా! దోన్సా! పసిపిల్లకి తెలుసే ఆ మాట."

అన్నప్పుడల్లా ఆమె తల వాలుతోంది. అన్నప్పుడల్లా అక్కడ దిమ్మె మీద ముసలాయన తల లేస్తోంది. చివరికి ఆయన కర్ర ఆనించి లేచి వచ్చాడు.

"ఏంటి తమ్ముడూ, అన్నిసార్లు పిలుస్తున్నావ్?"

"నిన్నెవరు పిలిచారు పెద్దాయనా? వెళ్లి కూర్చో."

"పిలవకపోతే నా పేరెందుకు అరుస్తావ్? దోన్సాని నేనే. ఆ పేరుతో పిలిచేవాళ్లని చాలావరకు పాతిపెట్టేశాను. ఎవరు లేచొచ్చారా అని చూస్తున్నా."

ఖంబులే ముసలాయన్ని చూశాడు, వంగిన ఆమె మెడని చూశాడు. అతనూ జులూ తల్లి కడుపున పుట్టినవాడే. విడమరిచి చెప్పక్కర్లేదు.

"హుదూలా" అన్నాడు చివరికి. "అందుకా."

"అవునండి."

"ముందే చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"మీరు ఎక్కించుకునేవాళ్లు కాదు."

"ఎక్కించుకునేవాణ్ణి కాదు. ఇప్పుడూ ఎక్కించుకోను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, నేనేదో అమ్మ భాషలో నేర్పితే ప్రాణం దక్కుద్దనుకుంటే, మీ అత్తింటివాళ్లు ఆ భాషకే తాళం వేసి పెట్టారు. వెళ్లు. దుప్పట్లు ఉతుక్కో. దుప్పట్లకి ఎవరి పేరూ అక్కర్లేదు." ముసలాయన వైపు తిరిగాడు. "లేకపోతే ఈయనే ఈ పిల్లని ఆ పేరు కట్టు నుంచి విడుదల చెయ్యాలి. మేక కోస్తారుగా దానికి?"

"కోస్తారు" అన్నాడు ముసలాయన.

"కొయ్యి మరి."

ముసలాయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని కంచె వైపు చూశాడు.

"మేక ఉంది. పేరూ నాదే, ఇమ్మంటే ఇచ్చేయచ్చు. ఒకటి చెప్పు తమ్ముడూ. నా కొడుకు లేడు. మిగిలిన మనవరాలు రేపు పెళ్లయి పోయేది. ఇప్పుడు ఈ పిల్లకీ నా ఇంటికీ మధ్య ఏముంది? ఏమీ లేదు. పొద్దున లేచి నా పేరు మింగుకుని తిరుగుతుంది చూడు, అదొక్కటే ఉంది. అదీ తీసేస్తే సాయంత్రం నా వాకిట్లోకొచ్చే మనిషిని ఏమని పిలవను?"

"నన్నడుగుతావేంటి" అన్నాడు ఖంబులే. గొంతులో ఎగతాళి వెతుక్కున్నాడు గానీ దొరకలేదు. "నా ఇంట్లో నా పేరు అందరూ అనేవాళ్లు, తిట్టుకి ముందొకసారి, తిట్టు తర్వాత ఒకసారి. ఇప్పుడు అనడానికి ఇంట్లో ఎవరూ లేరు."

మాబియేల గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుంది. ప్యాంటుతోనే కూర్చుంది. అది గుర్తొచ్చే స్థితిలో లేదు.

"నాయనా, మీ పేరు నాకు బరువని ఎప్పుడూ అనుకోలేదు. విడుదల వద్దు. కానీ నేను దుప్పట్లు ఉతకలేను. ఇందాక పైనుంచి ఆ దారి చూశాను. రెల్లులో దారి. అది చూశాక ఇంక ఉతకలేను."

ముసలాయన కళ్లు మూసుకున్నాడు. ఏ దారి అని అడగలేదు. కళ్లు తెరిచి ఖంబులేని అడిగాడు.

"పైకెళ్లాక కింది మాటలు వినపడతాయా?"

"వినపడవు."

"పైన అన్నది కింద?"

"ఇంజిను మోత తప్ప ఏం వినపడదు. అది ఆపితే ఏమీ లేదు."

ఆయన కర్రతో నేల మీద మెల్లగా తట్టాడు. "చనిపోయిన మా పెద్దలంతా ఇక్కడ, ఈ నేల కింద ఉన్నారు. అందుకే వాళ్లని కిందివాళ్లు అంటాం. పైవాళ్లు అని మా తాతా అనలేదు, ఆయన తాతా అనలేదు. చర్చివాళ్ల సంగతి వేరు. ఈ మర్యాదలన్నీ కిందివాళ్లు వింటారనేగా." ఆగి, మాటలు ఎడ్లని కాడికి కట్టినట్టు ఒక్కొక్కటే సర్దుకున్నాడు. "చక్రం నేల విడిచాక ఈ పిల్ల ఎవరి కోడలూ కాదు. చక్రం నేల ఆనగానే నా కోడలు. మధ్యలో ఏమందో నాకు తెలియదు, వాళ్లకీ తెలియదు."

ఖంబులే ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వు లాయరువి కావాల్సిందయ్యా."

"లాయర్లకి ఎడ్లు తోలడం రాదు."

"గాలి లేవబోతోంది. ఒక్కసారే. ఈసారి వంగావంటే పైనుంచే ఆఫీసుకి చెప్పేస్తా."

రెండోసారి ఎక్కినప్పుడు నేల ఎప్పుడు విడిచిందో ఆమెకి బాగా తెలిసింది. ఆ కుదుపు ఆగే క్షణం కోసమే ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చుంది. ఆగింది. ఇప్పుడు అనొచ్చు. నోరు తెరిచింది. రాలేదు. నాలుక నోట్లో ఎవరో మరిచిపోయిన చెప్పులా పడి ఉంది. చెట్ల మీదుగా, మంచు మీదుగా ఎక్కారు. మళ్లీ ప్రయత్నించింది. ఆచారం అంటే ఎవరో పైనుంచి పెట్టే తాళం అనుకుంటారు. లోపలి గడియ సంగతి ఎవరూ చెప్పరు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

"సుందూజా."

"సుందూజా."

ముక్కు లేచింది. హోరు పడిపోయింది. ఆమె ఒళ్లు బిగబట్టుకుని ఆ కేక కోసం చూసింది. కేక రాలేదు.

"ఈసారి నేననను" అన్నాడు ఖంబులే, పక్కన కూర్చుని చెప్పినంత నెమ్మదిగా. "అనాల్సింది నువ్వు. నేనెప్పుడూ వెనక ఉండను."

తీగల్లో పాట సన్నబడింది. ఎదురుగా ఆకాశమే ఉంది, నేల లేదు. రెక్క అంచు మొదటిసారి వణికింది. చేతులకి తెలుసు ఏం చెయ్యాలో. నోరు అనందే అవి కదలవని ఇప్పుడు ఆమెకి అర్థమైంది. నోరు కట్టేస్తే చేతులూ ఆగిపోయేలాగే ఆమెని పెంచారు. జ్వెలాఖే తల్లి నేర్పింది, ఆమెకి వాళ్ల అత్త నేర్పింది.

"దోన్సా" అంది.

కడ్డీ పొట్ట దగ్గరికి వచ్చింది. ముక్కు దిగింది. గాలి తీగల్లోకి తిరిగి వచ్చి కూర్చుంది.

పిడుగు పడలేదు. ఎవరూ వినలేదు. ఆ మాట మాత్రం ఆమెకి కొత్త గొంతుతో వినపడింది. కొత్తది కాదు, పాతది. పెళ్లికి ముందు గొంతు. బియేలా వాళ్ల బావి దగ్గర, తాడు పట్టుకుని, పక్కపిల్ల మీద అరిచిన గొంతు. అది ఇన్నాళ్లూ ఎక్కడ తలదాచుకుందో. "దోన్సా" అంది మళ్లీ, ఎవరూ అడక్కుండానే. కింద మైదానం పక్కన ఒక గింజంత నలుపు. అది ముసలాయన. ఆయన ఇప్పుడు ఆమెకి ఏమీ కాడు. నది వంపులో చచ్చిపోయినవాడూ ఏమీ కాడు. అనుకున్నది దక్కింది, దాంతో పాటు ఇదీ వచ్చింది. చుట్టూ ఉన్న ఖాళీ కంటే పెద్ద ఖాళీ. అందులో ఎవరి కోడలూ, ఎవరి పెళ్లామూ కాని ఒక ఆడమనిషి, కడ్డీ పట్టుకుని ఉంది. భయం అప్పుడు వేసింది ఆమెకి. పడిపోతున్నప్పుడు కాదు.

"చాలు. ఇంటికి తిప్పు" అన్నాడు ఖంబులే.

తిప్పింది. మైదానం ఎదురుగా వచ్చింది. "దోన్సా." "దోన్సా." "ఇంకొంచెం." "దోన్సా." గడ్డి పోచలు విడివిడిగా కనపడుతున్నాయి. "సుందూజా, మెల్లిగా." "సుందూజా." చక్రం నేలని ముట్టుకుంది, ఎగిరింది, మళ్లీ ముట్టుకుంది.

బండి ఇంకా దొర్లుతుండగానే ఖంబులే అడిగాడు. "ముక్కు దించాలంటే ఏం చెయ్యాలి?"

ఆమె మాట్లాడలేదు.

"చెప్పవేం? పైన అంత బాగా అన్నావ్."

ఆమె కడ్డీ వదిలి చేతులు ఒళ్లో పెట్టుకుంది. వెనక నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది. అది నవ్వో దగ్గో హెల్మెట్లో తేలలేదు.

"రేపు తెల్లారగానే రా" అన్నాడు. "సబ్బు వేరేవాళ్లకి ఇచ్చుకోమని ఆఫీసుకి నేను చెప్తా. నాకు రుణపడ్డాననుకోకు. నాకు కుదిరినవాడెవడూ దొరక్క."

షెడ్డు వెనక గుడ్డ చుట్టుకుని, శాలువా కప్పుకుని వచ్చేసరికి ముసలాయన బయల్దేరిపోయాడు. ఆమె అందుకుని, వెనక తన చోట నడిచింది. ఎండ ఎక్కింది. దార్లో ఎదురైన మేకల్ని ఆయన కర్రతో పక్కకి తోశాడు. కంచె మలుపు వచ్చింది.

"గట్టిగా అన్నావా?" అని అడిగాడు, తిరక్కుండానే.

"ఇంజిను ఆగి ఉంది నాయనా. గట్టిగా అనక్కర్లేకపోయింది."

తల ఊపాడు. ఇంకొంత దూరం నడిచాడు. ఊపిరి అందక నిలబడ్డాడు, ఆమె కూడా నిలబడింది.

"రేపు కూడా వస్తా" అన్నాడు. "నువ్వు ఎగిరిన ప్రతిరోజూ వస్తా. దిగేసరికి కింద ఎవరో ఒకరు ఉండాలిగా."

"ఎండగా ఉంటుంది నాయనా."

"ఉంటే ఉంటుంది" అని ఆయన మళ్లీ నడక సాగించాడు.